చెరిపిన గుర్తు

సోమవారం పొద్దున లెక్కపెడితే హైమవతి ఫోనులో పనికి సంబంధించిన యాప్‌లు నలభై ఒకటి తేలాయి. ఎవరైనా అడిగితే ఆమె చెప్పే సంఖ్య పదిహేను.

నోటు పుస్తకాలు ఆరు. చేయాల్సిన పనులు రాసుకునేవి అయిదు. క్యాలెండర్లు మూడు. అలవాట్లు నిలబెట్టేవి నాలుగు, అందులో ఒకటి నీళ్ళు తాగమని గుర్తుచేసేది. ఇరవై అయిదు నిమిషాలకోసారి గంట కొట్టేవి రెండు. తర్వాత చదవడానికి దాచుకునేవి నాలుగు. బ్లాగు రాయడానికి మూడు, రాసినదాన్ని ఆదివారం ఏడింటికి పెట్టడానికి ఒకటి, అందులో ఎన్ని మాటలున్నాయో చెప్పడానికి ఒకటి. మిగతా పన్నెండూ ఎందుకు వేసుకుందో ఆమెకు గుర్తులేదు. చాలావాటిని ఏదో ఒక జనవరిలో వేసుకుంది. ఫిబ్రవరికి వాడటం మానేసింది. తీసెయ్యడం మాత్రం చెయ్యలేదు.

"బాబోయ్," అన్నాడు పైడిరాజు, ఆమె కుర్చీ వెనక నిలబడి. "ఇన్నేటండి హైమ గారూ? మా ఆడదాని వంటింట్లో డబ్బాలు కూడా ఇన్ని లేవు."

"డబ్బాల్లో సరుకుంటుంది," అంది హైమవతి.

వాళ్ళిద్దరూ పనిచేసే ప్రయోగశాల విశాఖపట్నం సీతమ్మధారలో, కళ్ళద్దాల దుకాణం పైన మూడు గదులు. మూడేళ్ళుగా అక్కడ తయారవుతున్నదాని పేరు వడపోత. ఫోనులో పేరుకుపోయిన యాప్‌లన్నిటినీ అది చదువుతుంది. ఒకే విషయం ఎన్నిచోట్ల ఉందో చూస్తుంది. అన్నిటినీ కలిపి ఒక్క పుస్తకం చేసి, మిగతావి తీసేస్తుంది.

ఇలాంటివి ఇంతకుముందూ బజారులోకి వచ్చాయి, పోయాయి. ఇప్పుడు ప్రతి యాప్‌లోనూ ఎంతోకొంత తెలివి ఉంటుంది. అవి యజమానిని అడక్కుండానే ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఒకదాన్ని తీసేస్తే, ఇంకొకటి దానికి కబురు పెట్టి, జవాబు రాక, మళ్ళీ వేసుకోమని యజమాని వెంటపడుతుంది. కాబట్టి ఏ మాట మనిషి పంపాడో, ఏది యాప్ పంపిందో ముందు తేలాలి. అది తేల్చే పద్ధతి కనిపెట్టింది హైమవతి.

రెండేళ్ళ కిందట ఆమె పైడిరాజు చేత వంద వాక్యాలు రాయించింది. యంత్రం చేత వంద రాయించింది. కలిపి ముందు పెట్టుకుంటే ఏది ఎవరిదో చెప్పలేకపోయింది. అప్పుడు రాసినవి పక్కనపెట్టి, రాస్తూ కొట్టేసినవి చూసింది. "ఇక్కడ అందరం క్షేమం" అని రాయడానికి పైడిరాజు మూడుసార్లు చెరిపాడు. యంత్రం చెరపలేదు. చెరిపినట్టు నటించమంటే నటించింది, కానీ చెరిపిన ప్రతిసారీ మెరుగైన మాట రాసింది. పైడిరాజు 'క్షేమం' అని రాశాడు, చెరిపాడు, ఆగాడు, మళ్ళీ 'క్షేమం' అనే రాశాడు. అది యంత్రానికి రాలేదు.

ప్రయోగశాలలో దాన్ని చెరిపిన గుర్తు అంటారు. ఎవరు పంపిన మాటకైనా అది వెంటే వస్తుంది. వడపోత పని ముగిసే రోజున, ఏ మాట ఎక్కణ్ణుంచి ఎక్కడికి వెళ్తుందో చూపే దారాల పటం తెర మీద గీస్తుంది. గుర్తు ఉన్న దారం కొసన సున్నా చుడుతుంది. గుర్తు లేకపోతే చదరం గీస్తుంది.

ఆ ప్రయోగశాల పెద్ద లలితాంబ. ఊళ్ళో ఇళ్ళు ఊడ్చేముందు మన ఇల్లు ఊడ్చుకోవాలని ఆమె పెట్టిన నియమం. వడపోతను బయటి మనిషి ఫోనులో వేసేలోపు అక్కడ పనిచేసే ప్రతివాళ్ళూ తమ ఫోనులో వేసుకోవాలి. పైడిరాజు వంతు అయిపోయింది. ఇప్పుడు హైమవతి వంతు. మొత్తం తొమ్మిది రోజులు పడుతుంది. పదో రోజు, అంటే వచ్చే బుధవారం, కొనడానికి వచ్చేవాళ్ళ ముందు ఆమె ఫోనునే తెర మీద చూపిస్తారు.

"దాచుకునేవి ఏమైనా ఉంటే ఇప్పుడే చెప్పు," అంది లలితాంబ.

"ఏమున్నాయి మేడమ్? బస్సుల కబుర్లు," అంది హైమవతి.

*

హైమవతికి నలభై ఏడేళ్ళు. భర్తతో విడిపోయి పదకొండేళ్ళయింది. ఎంవీపీ కాలనీలో రెండో అంతస్తులో ఒక్కతే ఉంటుంది. తొమ్మిదేళ్ళుగా ప్రతి శనివారం ఏదో ఒక సిటీ బస్సు ఎక్కి, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా కూర్చుని, కిటికీలోంచి కనిపించింది రాస్తుంది. బ్లాగు పేరు కిటికీ సీటు. బస్సుల్లోంచి కండక్టర్లను తీసేసిన ఏడాది కూడా ఆమె ఒక్క వారం మానలేదు. ఇప్పటికి నాలుగువందల అరవై దాకా అయ్యాయి.

బ్లాగు కింద చూపించే పాఠకుల సంఖ్య ఏడు. ఆ సంఖ్యతో ఆమెకు పేచీ లేదు. ఏడుగురిలో ఒకరు గవ్వ.

అది పెట్టుకున్న పేరే. అసలు పేరు ఆమె ఎప్పుడూ అడగలేదు. బ్లాగు మొదలుపెట్టిన మూడో వారంలో గవ్వ మొదటిసారి వ్యాఖ్య రాసింది. అప్పట్నుంచి ఒక్క ఆదివారం తప్పలేదు. "కిటికీ పక్క ఎండ ఎక్కువ. నీళ్ళు తాగారా?" అనేది. "మోకాలు ఎలా ఉంది? మెట్లున్న బస్సు ఎక్కకండి" అనేది. "ఈరోజు అక్కగారు ఫోన్ చేస్తారుగా, ఆ టీకొట్టు సంగతి చెప్పండి" అనేది. హైమవతి ఆమెకొక రూపం ఇచ్చుకుంది. విజయనగరంలో ఉంటుంది, బడిపంతులుగా చేసి మానేసింది, చలికాలం దగ్గు వస్తుంది. ఇవేవీ గవ్వ చెప్పినవి కావు.

గవ్వ రాసినదానికి హైమవతి జవాబిచ్చేది. దాని కింద ఇంకొకావిడ గవ్వతో మాట్లాడుతూ ఉండేది. పేరు యశోదమ్మ, పార్వతీపురం. ఆ మాటలను హైమవతి వేలితో పైకి జరిపేసేది. బస్సులో ముందు సీటువాళ్ళ మాటలు చెవిన పడ్డట్టే అవీ కంట పడేవి. ఏదో కుట్టు మిషను సంగతి.

మొదటిరోజు సాయంత్రం వడపోత ఒక ప్రశ్న అడిగింది. *'అక్కకు గాజులు' అనే పని అయిదు చోట్ల ఉంది. అన్నిటికన్నా పాతది నాలుగేళ్ళ కిందటిది. ఒక్కటి ఉంచనా?*

ఉంచమంది. మంగళవారం అలవాట్ల యాప్‌లు నాలుగూ పోయాయి. నీళ్ళు తాగమనే గంట పోయింది. బుధవారం క్యాలెండర్లు మూడూ కలిసి ఒక వరస అయ్యాయి. గురువారం నోటు పుస్తకాలు. ఆరింటిలోనూ కలిపి పదకొండువేల పేజీలున్నాయి. వడపోత వాటిని ఒక్క పుస్తకంలోకి చేర్చి ఆ ఆరింటినీ మూసేసింది. ఫోను తేలికైంది. చేతిలో బరువు తేడా ఉండదని తెలిసినా ఆమెకు అలాగే అనిపించింది.

శుక్రవారం భోజనం వేళ పైడిరాజు టిఫిన్ డబ్బా విప్పుతూ అడిగాడు. "ఎన్ని మిగిలాయి?"

"పద్దెనిమిది."

"బాగుంటాది కదండీ? పళ్ళు తోముకున్నట్టుంటాది."

"మీ పటం వచ్చినప్పుడు ఏం చూశారు పైడిరాజు గారూ? ఆరోజు మధ్యాహ్నం సెలవు పెట్టి వెళ్ళిపోయారు."

పైడిరాజు ముద్ద కలిపాడు. "మావోడు చెన్నైలో ఉంటాడు కదా. రోజూ ఒంటిగంటకి 'తిన్నావా నాన్నా' అని పెడతాడు. నాలుగేళ్ళయిపోనాది, ఒక్క పూట మానలేదు. ఆఫీసులో అందరికీ చూపించేవోడ్ని. దాని కొసన చదరం వచ్చింది."

"ఎవరు పెట్టారు?"

"వోడే. ఒంటిగంటకి అదంతట అదే వెళ్ళేటట్టు ఒకసారి పెట్టీసి ఊరుకున్నాడు." ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. "యంత్రం పంపితే పంపింది. దానికి చెప్పింది మావోడే కదేటి. నేను ఇప్పటికీ జవాబిస్తన్నాను. తిన్నాన్రా అని."

ఒంటిగంట అయింది. అతని ఫోను మోగింది. ఎడమచేత్తో జవాబు రాశాడు. మధ్యలో ఒకసారి చెరపడం హైమవతి చూసింది.

*

శనివారం ఆమె ఆర్టీసీ కాంప్లెక్సులో భీమిలి బస్సు ఎక్కింది. ఆదివారం ఏడింటికి రాసినది పెట్టింది. ఈసారి దానంతట అది పెట్టే యాప్ లేదు, తనే నొక్కింది. నాలుగు నిమిషాలకు గవ్వ వ్యాఖ్య వచ్చింది.

"బాగుంది."

ఇంకేమైనా వస్తుందేమోనని కాఫీ చల్లారేదాకా చూసింది. రాలేదు. పైకి జరిపి ఆ వారమంతా గవ్వ ఏం రాసిందో వెతికింది. యశోదమ్మ బుధవారం పండగ జాకెట్ల గురించి ఏదో పెద్దగా రాసింది. గవ్వ రెండు వరసల్లో జవాబిచ్చింది. శుక్రవారం యశోదమ్మ మళ్ళీ రాసింది. గవ్వ జవాబు: "అవునా." దాని కింద యశోదమ్మ: "గవ్వ గారూ ఒంట్లో బాగాలేదా అండి? మాట తగ్గించేశారు. వేన్నీళ్ళు తాగండి."

పదింటికి అనకాపల్లి నుంచి అక్క సుగుణ ఫోన్ చేసింది. ఆదివారం పదింటికి చేస్తుంది.

"ఏమే, గొంతు అలా ఉందేంటి?"

"ఏం లేదక్కా. నా బ్లాగు చదివే ఆవిడకి బాగాలేనట్టుంది. తొమ్మిదేళ్ళలో ఎప్పుడూ ఇలా రాయలేదు."

"ఎవరూ, ఆ గవ్వావిడా? ఎక్కడుంటుందో కనుక్కుని చూసి రావే. బత్తాయిలు తీసుకెళ్ళు. ఒక్కతీ ఉంటుందేమో పాపం."

"ఎక్కడుంటుందో తెలీదు."

"తొమ్మిదేళ్ళ నుంచి మాట్లాడుకుంటూ ఊరు పేరు తెలీదా? మీ స్నేహాలు చల్లగుండ! సరే, ఈవారం ఏ బస్సెక్కావు? చెప్పు."

"రాశానుగా అక్కా. చదువు."

"నేనెక్కడ చదువుతానే, ఆ చీమతలకాయ అక్షరాలు. ఒక్కటీ చదవలేదు ఇప్పటిదాకా. నువ్వు చెప్తే వింటాను."

ఒక్కటీ చదవలేదన్న సంగతి హైమవతికి అప్పుడే తెలిసింది. ఏడుగురిలో అక్క ఉందనుకుంది. రాసినదే మళ్ళీ ఏం చెప్పను అని, పెట్టేసింది.

ఆ మధ్యాహ్నం గవ్వకు రాసింది. "మీకు ఒంట్లో బాగాలేకపోతే చెప్పండి. ఏ ఊరికైనా బస్సు ఉంటుంది, వస్తాను." రాయడానికి చాలాసేపు పట్టింది. గవ్వ నుంచి జవాబు నాలుగు నిమిషాలకు వచ్చింది.

"సరే."

*

మంగళవారం మధ్యాహ్నం రెండున్నరకు పటం గీయడం ముగిసింది. ముగ్గురూ తెర ముందు కూర్చున్నారు.

యాప్ ఒకటే మిగిలింది. ఆ ఒక్క దాంట్లోంచి బ్లాగుకు ఒక దారం. బ్లాగు నుంచి ఏడుగురు పాఠకులకు ఏడు దారాలు. పైడిరాజు ఒక్కొక్కటీ చదివాడు. మొదటి రెండూ సెర్చ్ ఇంజన్లు, చదరాలు. మూడోది ఆమె రాసినదాన్ని ఎత్తుకుపోయి వేరేచోట పెట్టేది, చదరం. నాలుగోది ఈ వారమే తీసేసిన ఆమె సొంత యాప్, తర్వాత చదవడానికి ప్రతి ఆదివారం ఆమె బ్లాగును ఆమెకే దాచిపెట్టేది. అయిదోది మాటలు లెక్కపెట్టేది, అదీ తీసేసిందే.

ఆరో దారం గవ్వది. అది బయటికి వెళ్ళలేదు. కొంత దూరం పోయి, వంగి, తిరిగి హైమవతి ఫోనులోకే వచ్చింది. కొసన చదరం.

"ఇదేదో తప్పు పడిందండి," అన్నాడు పైడిరాజు.

హైమవతి దగ్గరకు జరిగి ఆ చదరాన్ని తెరిచింది. లోపల ఒక సంఖ్య ఉంది. నలభైలో పదిహేడు. ఆ సంఖ్యలు ఆమె ఇచ్చినవే.

తొమ్మిదేళ్ళ కిందట మధురవాడలో ఒక చిన్న కంపెనీలో పనిచేసేది. బ్లాగులు రాసుకునే యాప్ ఒకటి తయారుచేస్తున్నారు. వ్యాఖ్యల పెట్టె పనిచేస్తుందో లేదో చూడటానికి ఉత్తుత్తి పాఠకులు కావాలి. ఆమె నలభైమందిని తయారుచేసింది. పేర్లు ఒక జాబితాలోంచి వాటంతటవే పడ్డాయి, గవ్వ, గోరింట, గుమ్మడి అని. ఆ పేర్లు ఆమె చదవనైనా లేదు. పరీక్షకు ఎవరి బ్లాగూ దొరక్క, ఆ వారమే మొదలుపెట్టిన తన బ్లాగు మీదికే వాటిని వదిలింది. ఈ పని చేసేవాళ్ళందరూ అదే చేస్తారు. పరీక్ష కాగానే నలభైనీ మూసేసింది. మూసేశాననుకుంది. పదిహేడోదాన్ని మాత్రం మూడు వారాలు ఆగి మొదలయ్యేట్టు పెట్టింది. అది మొదలుకాకముందే పరీక్ష అయిపోయింది. కొన్నాళ్ళకు ఆ కంపెనీయే మూతపడింది. గవ్వ మాత్రం ఆమె ఫోనులోనే నడుస్తూ ఉండిపోయింది.

లలితాంబ వేలితో తెర మీద వెనక్కి, తొమ్మిది రోజుల కిందటి పటానికి జరిపింది. అందులో గవ్వ చదరం నుంచి ఆమె యాప్‌లన్నిటికీ సన్నటి దారాలున్నాయి. అన్నిటికీ తలుపు ఒకటే, ఆమె పేరున్న ఖాతా. 'నీళ్ళు తాగారా' అన్నది నీళ్ళ యాప్ నుంచి వెళ్ళింది. అక్క ఫోన్ సంగతి క్యాలెండర్ నుంచి. మోకాలి సంగతి నోటు పుస్తకాల నుంచి. యాప్‌లు పోయిన వరసలోనే దారాలు తెగుతూ వచ్చాయి. గురువారం తర్వాత ఏమీ లేవు.

"ఆవిడకి బాగాలేదని అక్కతో చెప్పాను," అంది హైమవతి. "నీళ్ళ యాప్ తీసింది మంగళవారం. నేనే తీశాను."

కింద దుకాణంలో ఎవరో అద్దాలు పెట్టుకుని అక్షరాలు పైకి చదువుతున్నారు.

ఏడో దారం మిగిలింది. అది పార్వతీపురం వెళ్ళింది. కొసన సున్నా. పైడిరాజు దాన్ని తెరిచి, బ్లాగు పేజీలో యశోదమ్మ ఎక్కడ ఆగుతుందో చూశాడు. ఆరేళ్ళలో వెయ్యికి పైగా వ్యాఖ్యలు. చెరిపిన గుర్తు లేనిది ఒక్కటీ లేదు. పైన హైమవతి రాసిన భాగం మీద ఆమె ఎప్పుడూ ఆగలేదు. తిన్నగా కిందికి దిగిపోయి, గవ్వ రాసినచోట ఆగుతుంది.

"రేపు పదింటికి వాళ్ళొస్తారు," అంది లలితాంబ. ఆమె గొంతు మామూలుగానే ఉంది. "తీసినవి పూర్తిగా పోలేదు, నీకు తెలుసు. రేపు పొద్దున తొమ్మిది దాకా తిరగేయొచ్చు, ఆ తర్వాత చదరాలన్నీ చెరిగిపోతాయి. తిరగేస్తే నలభై యాప్‌లూ వస్తాయి, గవ్వ కూడా మునుపటిలాగే మాట్లాడుతుంది. మనం ప్రదర్శన వాయిదా వేసుకుంటాం. వాళ్ళు మళ్ళీ వస్తారో రారో. అది నువ్వు ఆలోచించకు."

"ఉంచేయండి హైమ గారూ," అన్నాడు పైడిరాజు. "ఎవరికేటి నష్టం? నేను ఉంచుకోలేదేటి?"

"మీకు పంపింది మీవాడు," అంది హైమవతి. "నాకు పంపింది ఎవరు?"

*

ఇంటికి వచ్చేసరికి అయిదున్నర. కిటికీ దగ్గర కూర్చుని, ఇన్నాళ్ళూ వేలితో జరిపేసిన మాటలను మొదటినుంచి చదవడం మొదలుపెట్టింది.

యశోదమ్మ ఆరేళ్ళ కిందట పార్వతీపురం నుంచి విశాఖకు బస్సు ఎన్నింటికుందో వెతుకుతూ వచ్చింది. "ఆసుపత్రికి పోవాలి, బస్సు టైము ఎవరికైనా తెలుసా అండి" అని అడిగింది. ఆ వ్యాఖ్య హైమవతి చూసి ఉండాలి. జవాబివ్వలేదు. గవ్వ ఇచ్చింది. "ఆసుపత్రికి ఒక్కరే వెళ్తున్నారా?"

అక్కడినుంచి సాగింది. భర్త పోయాడు. ఇంటి ముందు గదిలో జాకెట్లు కుడుతుంది. ఒక ఏడాది దసరాకి పద్దెనిమిది కుట్టింది. మూడేళ్ళ కిందట కుడిచేతి బొటనవేలు పట్టేసింది. వారంపాటు మిషను ముట్టుకోలేదు. ఇక ఈ బతుకెందుకు అని ఒక వరస రాసింది. దానికి గవ్వ జవాబు: "పెద్ద పని చేయలేని రోజున చిన్న పని చెయ్యండి. ఈరోజుకి హుక్కులు కుట్టండి. అయ్యాక నాకు చెప్పండి." సాయంత్రానికి యశోదమ్మ: "ఆరు హుక్కులు కుట్టానండి."

హైమవతి మిగిలిన ఒక్క పుస్తకం తెరిచి ఆ మాట కోసం వెతికింది. దొరికింది. ఎనిమిదేళ్ళ కిందట, మధురవాడ కంపెనీ మూతపడ్డ వారం, ఎవరికీ చూపించని నోటు పుస్తకంలో ఒక పేజీ. *పెద్ద పని చేయలేని రోజున చిన్న పని చెయ్యి. ఈరోజుకి గిన్నెలు తోము.* ఆ పేజీ రాసినట్టు ఆమెకు గుర్తులేదు. గిన్నెలు తోమిందో లేదో కూడా గుర్తులేదు.

అక్కకు ఫోన్ చేసింది.

"ఏమైందే?" అంది సుగుణ కంగారుగా. "ఈరోజు మంగళవారం కదా!"

"ఏం కాలేదు. భీమిలి బస్సు సంగతి చెప్దామని. మొన్న అడిగావుగా."

"అయ్యో, పొయ్యి మీద కూరుందే. పిల్లలొచ్చే వేళ. ఆదివారం చెప్పు, తీరిగ్గా వింటాను. సరేనా? ఏం కాలేదు కదా?"

"లేదు."

ఆరుంబావుకు యశోదమ్మకు రాయడం మొదలుపెట్టింది. రాసి, చెరిపి, లేచి దీపం వేసి వచ్చి, మళ్ళీ రాసింది. ఏడింటికి పంపింది.

"యశోదమ్మ గారూ, గవ్వకు జబ్బు చెయ్యలేదు. గవ్వ మనిషి కాదు. తొమ్మిదేళ్ళ కిందట నేను పరీక్ష కోసం తయారుచేసి, మూసెయ్యడం మర్చిపోయిన యంత్రం. నాకూ ఈరోజే తెలిసింది. నా నోటు పుస్తకాల్లోంచి మాటలు తీసుకుని మీతో మాట్లాడింది. ఆ పుస్తకాలు నేను తీసేశాను, అందుకే మాట తగ్గింది. మళ్ళీ పెడితే మునుపటిలాగే మాట్లాడుతుంది. కానీ మీకు తెలియకుండా అలా పెట్టలేను. క్షమించండి."

ఏడూ ఇరవైకి జవాబు వచ్చింది.

"మీరెవరండి? పైన బస్సుల గురించి రాసేది మీరేనా? నేను పైవి చదవనండి, కింది మాటలకే వస్తాను. ఏమీ అనుకోకండి. నాకు యంత్రాల సంగతి తెలీదు. ఒక్కటి చెప్పండి. నా చెయ్యి పట్టేసినప్పుడు హుక్కులు కుట్టమన్నది ఎవరు? ఆరేళ్ళు నాతో మాట్లాడింది ఎవరండి?"

హైమవతి 'నేను' అని రాసింది. చెరిపింది. 'నేను కాదు' అని రాసింది. అదీ చెరిపింది. ఫోను బల్ల మీద బోర్లా పెట్టి అన్నం వండుకోవడానికి లేచింది.

*

బుధవారం పొద్దున తొమ్మిదికి అయిదు నిమిషాలుండగా లలితాంబ ఆమె బల్ల దగ్గరకు వచ్చి నిలబడింది. పైడిరాజు కూడా వచ్చాడు. తెర మీద *తిరగేయనా?* అన్న ప్రశ్న ఉంది. హైమవతి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తొమ్మిదయింది. ప్రశ్న పోయింది. చదరాలున్న దారాలు ఒక్కొక్కటే పోయాయి. ఆరో దారం ఆ కొసనుంచి ఈ కొసదాకా చెరిగి, చదరం మాయమైంది.

పదింటికి ఆరుగురు వచ్చారు. నలభై ఒకటి ఒకటైన విధం చూశారు. చెరిపిన గుర్తు ఎలా పనిచేస్తుందో పైడిరాజు చూపించాడు. ఒకాయన తనే ముందుకొచ్చి ఒక వాక్యం రాసి, తన కొసన సున్నా పడితే చంటిపిల్లాడిలా నవ్వాడు. చివర పటం వేశారు. తెర దాదాపు ఖాళీగా ఉంది. మధ్యలో ఒక చుక్క, దాన్నుంచి ఒక దారం, దాని కొసన సున్నా.

"ఎంత శుభ్రంగా ఉంది!" అంది వచ్చినవాళ్ళలో ఒకావిడ. చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగాక ఆవిడే అడిగింది. "మరి ఈ ఒక్కరూ ఎవరండీ? మీవాళ్ళా?"

"పార్వతీపురంలో ఒకావిడ," అంది హైమవతి. "ఇంకా పరిచయం కాలేదు."

అందరూ నవ్వారు. ఆమె సరదాకి అన్నదనుకున్నారు. లలితాంబ నవ్వలేదు.

టీ తెచ్చే వేళకు హైమవతి బయటికి వచ్చి, కళ్ళద్దాల దుకాణంలోకి దిగే మెట్ల మీద కూర్చుంది. ఫోను తీసింది. అందులో ఇప్పుడు ఒకటే ఉంది. తెరిచింది. పైన *అక్కకు గాజులు* అని ఉంది. కింద నిన్నటి ప్రశ్న అలాగే ఉంది.

'నేను' అని రాసింది. చెరిపింది. మెట్ల మీద ఎవరో పైకి వస్తుంటే కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చింది. మళ్ళీ 'నేను' అని రాసి, మళ్ళీ చెరిపింది. వడపోత ఇవన్నీ తీసిపెట్టుకుంటూనే ఉంటుందని ఆమెకు తెలుసు. చివరికి పంపినది ఇది:

"ఎవరో నాకూ తెలీదండీ. మీ చెయ్యి ఇప్పుడెలా ఉంది?"

నాలుగు నిమిషాలు గడిచాయి. ఏమీ రాలేదు. పది నిమిషాలు గడిచాయి. లోపల నుంచి పైడిరాజు పిలిచాడు, టీ చల్లారిపోతోందని. ఆమె లేవబోతుంటే తెర అడుగున మూడు చుక్కలు కదిలాయి. ఆగిపోయాయి. మళ్ళీ కదిలాయి, మళ్ళీ ఆగాయి.

అవతల ఎవరో రాస్తున్నారు, చెరుపుతున్నారు. హైమవతి మళ్ళీ మెట్టు మీద కూర్చుంది.